తువ్వాల కింద సిరామిక్ బేరం

నారాయణఖేడ్ చన్నబసప్పకు అరవై మూడేళ్లు. అందులో నలభై ఏళ్లు ఎద్దుల అంగళ్లలోనే గడిచిపోయాయి. ఎద్దును అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ నిలబడి బేరం తెంపే దళారీ ఆయన. ఆ బేరం నోటితో జరిగేది కాదు. భుజం మీది తువ్వాలను చేతి మీద కప్పి, దాని కింద ఎదుటివాడి వేళ్లు పట్టుకుని నొక్కాలి. ఒక వేలు పడితే వెయ్యి, నాలుగు పడితే నాలుగు వేలు. చుట్టూ వంద మంది మూగి ఉన్నా ధర ఆ రెండు చేతులకే తెలుస్తుంది. బేరం తెగగానే చన్నబసప్ప వంగి, చిటికెడు మట్టి తీసుకుని, మూడు వేళ్లతో ఎద్దు వీపు మీద బరికి, అరచేత్తో ఒక చరుపు చరిచి “తెగింది!” అని అరిచేవాడు. ఆ మట్టి గీతలు పడ్డ ఎద్దు జోలికి ఇంకెవరూ వచ్చేవారు కాదు.

ముసలి ఎద్దు కొమ్ములకు ఆముదంలో మసి కలిపి రాసి, కోడెలా నిలబెట్టడంలో కూడా ఆయన చెయ్యి తిరిగినవాడు. ఈ సంగతి తనంతట తాను ఎవరికీ చెప్పడు. చెప్పే అవసరం లేకుండానే మూడు మండలాలకు తెలుసు.

ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు తగ్గాయి, ఎడ్లతో పాటు చన్నబసప్ప అవసరమూ తగ్గింది. ఇప్పుడు అంగడికి వెళ్తే చాయ్ తాగి రావడమే. పోనీ ఇంట్లోనైనా మాట చెల్లుతుందా అంటే అక్కడా రాజ్యం మారిపోయింది. ఆయన ఒక్కగానొక్క కూతురు శైలశ్రీ కల్హేర్ వైపు పల్లెల్లో పంటలు చూసే వ్యవసాయ విస్తరణ అధికారి. ఉద్యోగం వచ్చినప్పటి నుంచి ఇంటికి ఏం కావాలన్నా ఫోన్లోనే కొంటుంది. కుక్కరు అలాగే వచ్చింది, ఫ్యాను అలాగే వచ్చింది, చివరికి తల్లి చెన్నబసమ్మ చెప్పులు కూడా అలాగే వచ్చాయి. బేరం లేదు, వెక్కిరింపు లేదు, ‘మేము పోతున్నాం’ అని నాలుగడుగులు వేసి వెనక్కి పిలిపించుకోవడం లేదు. చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చి తెచ్చుకోవడాన్ని కొనడం అనరని చన్నబసప్ప నమ్మకం. దాన్ని దానం చేయడం అంటారు.

చెన్నబసమ్మకు మాత్రం ఈ ఏర్పాటు హాయిగా ఉంది. ఇద్దరి పేర్లు కలిశాయని పెద్దలు ముచ్చటపడి పెళ్లి చేశారనీ, బుద్ధులు కలుస్తాయా అని ఒక్కడూ చూడలేదనీ ఆమె నలభై ఏళ్లుగా అంటూనే ఉంది. మొగుడితో బట్టల దుకాణానికి వెళ్తే రెండు పూటలు అక్కడే కూర్చోవాలి. చివరికి దుకాణందారు చీర ఇస్తాడు గానీ దానితో పాటు శాపనార్థాలూ పెడతాడు.

ఇలా ఉండగా శైలశ్రీ నల్ల కారు కొంది. నలుపెందుకే అని తల్లి మొత్తుకుంది. ఆ పిల్ల వినలేదు. పది రోజులకే కల్హేర్ దారుల దుమ్ము పట్టి ఆ కారు నల్లదో బూడిదదో చెప్పలేకుండా తయారైంది. బుధవారం పొద్దున శైలశ్రీ గుడ్డతో తుడుస్తూ విసుక్కుంటుంటే, చన్నబసప్ప అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు.

“అప్పా, దీనికి సిరామిక్ కోటింగ్ చేపియ్యాలె” అంది.

“ఏంది గది?”

“రంగు మీద ఇంకో పొర. అద్దం లెక్క గట్టిగ ఉంటది. దుమ్ము జల్ది పట్టదు, పట్టినా నీళ్లు గొడితే పోతది. ఎండకు రంగు వెలిసిపోదు.”

“ఎంతనట?”

“హైదరాబాద్‌ల అయిదేండ్ల గ్యారంటీది నలభై ఎనిమిది వేలు. జహీరాబాద్‌ల మూడేండ్లది ఇరవై. ఈడ మనూర్ రోడ్డు మీద హనోకు అని ఉన్నడు, రెండేండ్లకు పద్నాలుగు అంటుండు. నేనైతే హైదరాబాదే అనుకుంటున్న.”

“నలభై ఎనిమిది వేలా! గా పైసలకు ఒకప్పుడు జత ఎడ్లు, బండి, బండి మీదికి గడ్డి వస్తుండె.”

“ఎద్దు మీద ఈగ వాలితే తోకతోని కొట్టుకుంటది. దీనికి తోక లేదు గదప్పా.”

చన్నబసప్ప తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. అంగట్లో ఆయన అలా దులిపాడంటే రంగంలోకి దిగాడని అర్థం. “ఆదివారం దాక నాకిడువు. మూడిట్ల ఏది గిట్టుబాటో నేను తేలుస్త.”

“నీకు కార్ల గురించి ఏం తెలుసప్పా?”

“కార్లు తెల్వయి. అమ్మెటోళ్లు తెలుసు.”

లోపల రొట్టెలు కొడుతున్న చెన్నబసమ్మ చెయ్యి ఆపింది. “మోసపోతివనుకో?”

“మోసపోతే ఇగ గీ ఇంట్ల కొత్తిమీర కట్టకు గూడ నోరు తెరువ.”

“మా బసవన్నా, గట్లనే గావాలె!” అని ఆమె పైకి చూసి దండం పెట్టింది. శైలశ్రీ నవ్వి, సరే ఆదివారం దాక అని ఒప్పుకుంది.

నవ్వులాటగా అన్నా, చన్నబసప్పకు అది నవ్వులాట కాదు. ఈ ఒక్క బేరంలో గెలిస్తే ఇంట్లో తన మాట మళ్లీ నిలబడుతుంది. ఓడితే అటక మీది ఇత్తడి గంగాళంలా ఇంట్లో పడి ఉండాల్సిందే. దాన్ని ఎవరూ అమ్మరు, ఎవరూ దించరు. ఆ రోజంతా ఆయనకు అదే దిగులు.

గురువారం పొద్దున్నే జహీరాబాద్ బస్సెక్కాడు. సంచిలో ఒక సీసా ఉంది. సీసాలో చెన్నబసమ్మ తలంటుకోవడానికి నానబెట్టుకున్న కుంకుడు రసం ఉంది. ఆ సంగతి ఆమెకు ఇంకా తెలియదు.

దుకాణం పెళ్లి పందిరిలా వెలిగిపోతోంది. మెడకు టై కట్టుకున్న కుర్రవాడు ఒకడు ఎదురొచ్చి కుర్చీ వేసి, చల్లటి నీళ్లిచ్చాడు. అడగకుండా నీళ్లిచ్చే దుకాణంలో ధర ఎక్కువని చన్నబసప్ప లెక్క. ఆ కుర్రవాడు ఒక కారు బానెట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. సగానికి కోటింగ్ ఉంది, సగానికి లేదు. నీళ్లు పోస్తే లేనివైపు చెల్లాచెదురుగా పారాయి. ఉన్నవైపు తామరాకు మీది బొట్లలా గుండ్రంగా దొర్లిపోయాయి. ఆ తర్వాత లైటర్ వెలిగించి మంట కూడా తగిలించి చూపించాడు.

“చూసిన్రా సార్? మూడేండ్ల గ్యారంటీ. ఇరవై వేలు. గీ ఆఫర్ ఇయ్యాల ఒక్కరోజే.”

“రేపటికేమైతది తమ్మీ, పాచిపోతదా?”

చన్నబసప్ప బానెట్‌కు ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశాడు. వేలితో రాసి, ఆ వేలిని బొటనవేలితో నలిపి చూశాడు. ఎద్దును కొనేటప్పుడు ఆయన మొదట చేసే పని దాన్ని కడిగించడం. కడగనివ్వని ఎద్దు దగ్గర ఆయన ఒక్క నిమిషం కూడా నిలబడడు. సంచిలోంచి సీసా తీసి, కోటింగ్ ఉన్నవైపు కుంకుడు రసం గుమ్మరించి, తువ్వాల కొసతో నాలుగు రుద్దులు రుద్ది కడిగేశాడు. మళ్లీ నీళ్లు పోశాడు. ఈసారి ఒక్క బొట్టు కూడా గుండ్రంగా నిలబడలేదు. రెండు వైపులా నీళ్లు ఒకేలా పారాయి.

“సార్, మా ఐటం ఖరాబు చేసిన్రు!”

“కుంకుడు రసానికి ఖరాబయ్యేది మూడేండ్లు ఆగుతదా బిడ్డా? ఇది కోటింగ్ గాదు, మెరుపు కోసం పైపైన పూసిన మైనం. నేను గూడ కొమ్ములకు మసి రాసినోన్నే. నీకంటె బాగ రాస్తుంటి.”

అక్కడున్న ఇద్దరు గిరాకీలు లేచి నిలబడ్డారు. పైన పటారం లోన లొటారం అని ఒకాయన గొణుక్కుంటూ చెప్పులేసుకున్నాడు. చన్నబసప్ప తనకిచ్చిన నీళ్లు పూర్తిగా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, ఎంతో సంతోషంగా బస్టాండు దారి పట్టాడు. ఇంటికొచ్చాక కుంకుడు రసం గురించి చెన్నబసమ్మ అన్న మాటలు ఆ సంతోషాన్ని ఏమాత్రం తగ్గించలేదు.

ఆ సాయంత్రమే హైదరాబాద్ సంగతి తేల్చడానికి కూర్చున్నాడు. “గా గ్యారంటీ కాగితం ఫోన్ల ఉంటది గద, సదువు. పెద్ద అక్షరాలు కాదు, చిన్నయి సదువు.”

శైలశ్రీ చదివింది. అయిదేళ్ల గ్యారంటీ నిలవాలంటే ఆరు నెలలకోసారి కారును హైదరాబాద్ తీసుకెళ్లి వాళ్ల దగ్గరే కడిగించాలి. ఆ కడుగుడుకు వేరే డబ్బు. ఒక్కసారి తప్పినా గ్యారంటీ పోతుంది.

“అంటే ఎద్దును అమ్మినోడు, అయిదేండ్లు గడ్డి గూడ నా దగ్గరే కొను, లేకుంటే ఎద్దు కుంటితే నాకు సంబంధం లేదు అన్నట్టు” అన్నాడు చన్నబసప్ప.

శైలశ్రీ ముఖం చిన్నబోయింది. ఫోను బోర్లా పెట్టి, ఏం మాట్లాడకుండా లోపలికి పోయింది. తన దెబ్బకు మాట పడిపోయిందని చన్నబసప్ప మురిసిపోయాడు.

శుక్రవారం మనూర్ రోడ్డు మీద హనోకు షెడ్డుకు వెళ్లాడు. పైన రేకులు, ముందు మొరం పరిచిన జాగా, గోడకు ఒక మేకు, మేకుకు ఒక చొక్కా. హనోకుకు ఇరవై ఆరేళ్లుంటాయి. కుర్చీ వెయ్యలేదు, నీళ్లివ్వలేదు. చేస్తున్న పని ఆపకుండానే మాట్లాడాడు.

“గీతలు పడయా దీనికి?” అని అడిగాడు చన్నబసప్ప.

“ఎందుకు పడయి కాకా? తుమ్మ ముల్లు గీరితే పడ్తయి. రాయి తాకితే రంగే లేస్తది.”

“మరి ఏం ఫాయిదా?”

“దుమ్ము జల్ది ఇడుస్తది. కడుగుడు అలకగ అయితది. ఎండకు రంగు ఆగుతది. గంతే. పొడిబట్టతోని తుడిచిన్రనుకో, నేను చేసినా హైదరాబాదోడు చేసినా బర్బాదే.”

“అయిదేండ్లది లేదా నీ దగ్గర?”

“అయిదని జెప్పి పైసలు తీసుకోవచ్చు. మన తొవ్వలకు ఏదైనా రెండేండ్లు, మస్తుగ చూసుకుంటే రెండున్నర. అబద్ధమాడితే మల్ల నేను గీ ఊర్లనే తిరగాలె గద. అసలు పని కోటింగ్‌ది గాదు కాకా, దాని కింద సాపు చేసుకునుడుది. కింద ఏదుంటే అదే అద్దంల పెట్టినట్టు ఉండిపోతది. మీది కొత్త కారు, సాపు చేసే పని తక్కువ. అందుకే పద్నాలుగు అన్న. పాతదైతే పద్దెనిమిది.”

చన్నబసప్ప ఆ కుర్రవాడిని ఎగాదిగా చూశాడు. తన ఎద్దుకున్న లోపం తానే ముందుగా చెప్పేవాడు అంగట్లో నలభై ఏళ్లలో ఇద్దరో ముగ్గురో తగిలారు. వాళ్లు ఒట్టి పిచ్చివాళ్లయినా అయి ఉండాలి, నిజాయితీపరులైనా అయి ఉండాలి. ఏ సంగతీ చూస్తే గానీ తెలియదు. “రెండేండ్ల కింద నీతోని చేపిచ్చుకున్న కారు ఏడుంది?” అని అడిగాడు. హనోకు ఆలోచించకుండా కల్హేర్ పశువుల డాక్టరు పేరు చెప్పాడు.

శనివారం షేర్ ఆటోలో కల్హేర్ వెళ్లాడు. డాక్టరు ఇంటి ముందు తెల్ల కారు నిండా దుమ్ము కొట్టుకుని ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. చన్నబసప్ప సంచిలోంచి నీళ్ల సీసా తీసి బానెట్ మీద పోయడం మొదలుపెట్టాడు. దుమ్ము నీళ్లతో కలిసి బిరబిరా జారిపోయింది. ఇంకో సీసా పోద్దామని కారు కప్పు వైపు తిరిగేసరికి తలుపు తెరుచుకుని డాక్టరు భార్య వినోద బయటికొచ్చింది.

“ఎవరయ్యా నువ్వు? మా కారుకు నీళ్లు పోస్తున్నవేంది?”

“అభిషేకం తల్లీ” అన్నాడు, చెయ్యి ఆపకుండా.

వినోదకు కోపం వచ్చేలోపే నవ్వొచ్చింది. సంగతి విన్నాక తానే బకెట్టుతో నీళ్లు తెచ్చింది. రెండేళ్ల రెండు నెలలైందనీ, బానెట్ మీద ఇప్పటికీ బాగుందనీ, ఎప్పుడూ ఎండలో నిలబెట్టడం వల్ల కప్పు మీద మాత్రం పట్టు తగ్గిందనీ చెప్పింది. నీళ్లు పోసి చూస్తే ఆమె చెప్పింది చెప్పినట్టే ఉంది. హనోకు కూడా రెండు, రెండున్నర అన్నాడు గదా. తిరుగు ఆటోలో చన్నబసప్ప మీసం కింద నవ్వుకుంటూ కూర్చున్నాడు. మిగిలింది బేరమే. బేరమైతే ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి శైలశ్రీ కారును తెచ్చి హనోకు షెడ్డు ముందు నిలబెట్టింది. ముందు రోజే ఇంట్లో కడిగి ఉంచడంతో కారు తళతళలాడుతోంది. “నాకు డిపో దగ్గర పని ఉందప్పా. గంటల వస్త. ధర తెంపి పెట్టు, వచ్చినంక సరేనో కాదో చెప్త” అని వెళ్లిపోయింది.

చన్నబసప్ప తువ్వాల దులిపి చేతి మీద కప్పుకుని హనోకు ముందు చాపాడు. హనోకు అయోమయంగా చూశాడు.

“ఏంది కాకా, చేతికి దెబ్బ తాకిందా?”

“వేళ్ల బేరంరా! వేళ్లు పట్టు.”

“నాకు రాదు కాకా. పద్నాలుగు అన్న గద.”

షెడ్డు లోపల చీకట్లో నులకమంచం కిర్రుమంది. “నువ్వు జరుగురా. ఆయినెతోని నేను మాట్లాడ్త” అంటూ ఒక ముసలమ్మ ఒడిలోని అనపకాయలు చేటలోకి దులిపి లేచి వచ్చింది. ఆమెను చూడగానే చన్నబసప్పకు సగం ధైర్యం జారిపోయింది. పోశమ్మ! ముప్పై ఏళ్లు కల్హేర్ అంగట్లో బర్రెలమ్మిన పోశమ్మ. తువ్వాల కింద చెయ్యి పెట్టిన ఒకే ఒక్క ఆడమనిషి. ఆమె చేతిలో ఆయన రెండుసార్లు ఓడిపోయాడు. ఆ రెండు ఓటములనూ నలభై ఏళ్ల లెక్కలోంచి తీసేసి బతుకుతున్నాడు.

“హనోకు నీకేమైతడు పోశవ్వా?”

“మనుమడు. పట్టు చెయ్యి” అంది ఆమె.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేది ఒకతుంటుంది. ఇద్దరూ కారుకు అటొకరు ఇటొకరు నిలబడి, బానెట్ మీదుగా తువ్వాల కింద చేతులు కలిపారు. ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్న నలుగురు గ్లాసులతో సహా దగ్గరికొచ్చారు. పోశమ్మ “పది మీద వేలల్ల” అని ఒక్క మాట పైకి అని, వేళ్లు బిగించింది. ఆయన వదిలించుకుని రెండు వేళ్లు తగ్గించాడు. ఆమె మణికట్టు తిప్పి ఒక వేలు పెంచింది. ఆయన “పోతున్న” అని నాలుగడుగులు వేశాడు. ఆమె పిలవలేదు. ఆయనే వెనక్కి వచ్చాడు. ఆమె ముఖంలో ఏ భావమూ లేదు, పక్కింటివాళ్లు ఎండబెట్టిన వడియాలను చూస్తున్నట్టు చూస్తోంది. ఈయన నుదుటి మీది విభూతి చెమటకు కరిగి కనుబొమల మీదికి వచ్చింది. ఎన్నాళ్ల తర్వాతో ఒంట్లో రక్తం పరిగెత్తుతోంది. చివరికి ఒకచోట ఇద్దరి చేతులూ ఆగాయి. ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుని, తల ఊపారు. ఆ ధర ఎంతో ఇక్కడ కూడా రాయడం లేదు. పద్నాలుగు కంటే తక్కువని మాత్రం చెప్పవచ్చు.

ఆ సంతోషంలో చన్నబసప్పకు ఒళ్లు తెలియలేదు. నలభై ఏళ్ల అలవాటు చేతిలో ఉంది, ఆ చెయ్యి మనిషిని అడగలేదు. వంగి, నేల మీది మొరం చిటికెడు తీసుకుని, మూడు వేళ్లతో బానెట్ మీద బర్రున బరికి, అరచేత్తో ఫట్‌మని చరిచి, వీధంతా వినిపించేలా “తెగింది!” అని అరిచాడు.

“కాకా! అది తోలు గాదు!” అని హనోకు పరిగెత్తుకొచ్చాడు.

అద్దంలా మెరిసే నల్లటి బానెట్ మీద మూడు తెల్లటి గీతలు. వేలు పెడితే గరుకు తగులుతోంది. కారు కొని రెండు వారాలే అయింది. చాయ్ గ్లాసుల వాళ్లలో ఒక్కడు కూడా నవ్వలేదు, అంత ఘోరంగా ఉంది. చన్నబసప్ప కారుకే ఆనుకున్నాడు.

“పోతదా?” అని అడిగాడు.

హనోకు వంగి వెలుతురులో చూశాడు. “పైపొర మీదనే ఉన్నయి. మిషిన్ పెట్టి సాపు చేస్తే పోతయి. ఒక పూట ఎక్కువైతది. అక్కకు చెప్పకు కాకా, కారు ఎట్లయినా రెండు రోజులు నా దగ్గరనే ఉంటది. ఆమెకు తెలువనే తెలువది.”

“గంతే గద!” అంది పోశమ్మ, అనపకాయల చేట దగ్గరికి తిరిగి పోతూ. “మసి రాసుడు నీకు కొత్తనా? బిడ్డ అనుకోకు, గిరాకి అనుకో.”

చన్నబసప్ప తువ్వాలను తీసి గీతలు కనపడకుండా బానెట్ మీద పరిచాడు. నిజమే, దాచడం ఆయనకు ఎంత పని? ఎన్ని కుంటి ఎద్దులను నడిపించలేదు! పైగా ఇది తెలిస్తే పందెం పోయినట్టే. కోటింగ్ ఎంచడానికి పోయి కారునే బరికి వచ్చాడంటే ఇంట్లో ఇక కొత్తిమీర సంగతి కూడా ఉండదు. చెన్నబసమ్మ ఈ కథను ఊళ్లోనే కాదు, బీదర్‌లో ఉన్న చుట్టాలకు కూడా కన్నడంలో చెప్తుంది. దాచేస్తానని గట్టిగా అనుకున్నాడు. అనుకుంటుండగానే డిపో వైపు నుంచి శైలశ్రీ నడుచుకుంటూ వచ్చింది.

“ఇంక నడుస్తుందా బేరం?” అని నవ్వుతూ, సరదాకు తానూ తువ్వాల కింద చెయ్యి పెట్టింది. “ఎందాక వచ్చిందప్పా?”

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. తువ్వాల కింద ఆమె వేలు ఒక గీత మీద కదిలింది, తర్వాత రెండో దాని మీద, తర్వాత మూడో దాని మీద. ఆమె తలెత్తి తండ్రి ముఖంలోకి చూసింది. దుమ్ము అని చెప్పొచ్చు. కొన్నప్పుడే ఉన్నాయని షోరూం వాడి మీదికి నెట్టొచ్చు. నాలుక చివర నాలుగు అబద్ధాలు వరసలో నిలబడ్డాయి. కానీ ఆ పిల్ల కళ్లలో గిరాకీ కనిపించలేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే మందు చేదుగా ఉంటుందా అప్పా అని అడిగిన పిల్లే కనిపించింది. చన్నబసప్ప తన చేత్తోనే తువ్వాల తీసేశాడు.

“నేనే బరికిన బిడ్డా. బేరం తెగిన ఖుషీల ఎద్దు అనుకున్న. మట్టి పెట్టిన.”

శైలశ్రీ గీతలనే చూస్తూ నిలబడింది. హనోకు అడ్డం వచ్చి మిషిన్‌తో పోతాయని చెప్పాడు. ఆమె విన్నట్టు లేదు.

“నువ్వు బరికినవని చెప్పకుంటే నాకు తెలుస్తుండెనా?” అంది చివరికి.

“తెల్వకపోతుండె. షోరూమోని మీదికి నెడ్తుంటి, ఒక్క పూటల హనోకు తీసేస్తుండె.”

“మరెందుకు చెప్పినవ్?”

“ఏమో. నీకు అమ్ముతలేను గద” అన్నాడు చన్నబసప్ప.

శైలశ్రీ పెదవి కొరుక్కుంది. కాసేపు ఫోనును అటూ ఇటూ తిప్పి, “అయితే నేను గూడ ఒకటి చెప్పాలె” అంది. “గురువారం పొద్దుగాల నువ్వు జహీరాబాద్ బస్సెక్కంగనే నేను హైదరాబాద్‌ల బుక్ చేసిన. రేపటికి. అయిదు వేలు బయానా గూడ కొట్టిన. నువ్వు తేలుస్తవని నేను అనుకోలేదప్పా.”

బానెట్ మీది గీతల కంటే ఈ మాట చన్నబసప్పను లోతుగా కోసింది. అంటే ఈ నాలుగు రోజులూ, ఆ బస్సులూ ఆటోలూ, కుంకుడు రసం, అభిషేకం, ముసలివాడిని ఆడించడానికేనా? ఆయనకు నిజంగానే కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు కూడా. శైలశ్రీ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

“చిన్న అక్షరాలు సదివిపిచ్చినవు సూడు, అప్పుడే సమజైంది, తప్పు చేసిన్నని. చెప్పనీకె మొకం చెల్లలే. ఇగ క్యాన్సిల్ చేస్త. ఈడనే చేపిద్దం. బయానా వాపస్ ఇయ్యరట, పోతే పోని.”

“పోని అంటే?” చన్నబసప్ప కన్నీళ్లు ఉన్నవి ఉన్నట్టే ఎండిపోయాయి. “అయిదు వేలు పోని అంటే? పని చెయ్యనోనికి పైసలెందుకు? నంబర్ కలుపు. ఫోను ఇటియ్యి.”

“అప్పా, వాళ్ల రూలు...”

“కలుపే!”

ఆమె కలిపి ఇచ్చింది. చన్నబసప్ప ఫోనును పెద్దగా వినిపించేలా పెట్టించుకుని, చాయ్ గ్లాసుల వాళ్లను చేత్తో దూరం జరిపి, గొంతు మెత్తగా చేసుకున్నాడు. “నమస్తే తమ్మీ, నారాయణఖేడ్ కెల్లి మాట్లాడుతున్న. రేపటి బుకింగ్ వద్దు నాయినా, బయానా వాపస్ గావాలె. పిల్ల తెల్వక ఇచ్చింది. మా ఇంట్ల ఏది కొనాలన్నా నన్నడిగే కొంటరు. చిన్న చెంచా కొన్నా సరే. నేను ఒప్పుకోంది పైసా కదలదు.”

పోశమ్మ చేతిలోని అనపకాయ చేతిలోనే ఉండిపోయింది. అటువైపు నుంచి నవ్వు వినిపించింది. “ఏం మాట్లాడుతున్నరు సార్? మేడమే కదా బుక్ చేసింది, మేడమే కదా పేమెంట్ చేసింది. ఈ రోజుల్లో నాయినలను అడిగి ఎవరు కొంటున్నరు?”

నలభై ఏళ్ల బేరాల్లో ఎదుటివాడు ఇంత నిజం ఎప్పుడూ మాట్లాడలేదు. అప్పుడు శైలశ్రీ, గీతలు పడ్డ బానెట్‌కు ఆనుకుని, ఫోను దగ్గరికి ముఖం వంచింది.

“నిజమే అన్నా. మా అప్ప మాట లేకుంట మా ఇంట్ల ఏదీ కొనం. ఆయినెను అడగకుంట బుక్ చేసుడు నాదే తప్పు. ఇగ ఆయినెతోనే మాట్లాడు.”

చన్నబసప్ప ఫోను పట్టుకుని రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. హైదరాబాద్ వాడు హలో, హలో అంటున్నాడు. రెండుసార్లు దగ్గి, గొంతు సరి చేసుకుని, ఆయన బేరం మొదలుపెట్టాడు.